పలక రాని ఏడు రాళ్ళు

మా మేనత్త ముప్ఫై ఒక్క సంవత్సరాలు రాళ్ళు అరగదీసింది. ఈ మాట చెప్పగానే వినేవాళ్ళు ముందు నవ్వుతారు, ఆ తర్వాత జాలిపడతారు. రెండూ అక్కర్లేదు. అది నెలనెలా జీతం వచ్చే ఉద్యోగం. కొండల్నీ నేలల్నీ పరీక్షించి నివేదికలు రాసే ఒక కార్యాలయంలో, వెనకవైపు, సైకిల్ స్టాండును ఆనుకుని ఉన్న పొడుగాటి గది ఆమెది. ఆఫీసులో చిన్నాపెద్దా అందరూ ఆమెను ‘రాళ్ళక్క’ అనేవాళ్ళు. ఇంట్లో మా నాన్న మాత్రం, “మా అక్క ఇంట్లో పప్పులో రాళ్ళు ఏరుతుంది, ఆఫీసులో రాళ్ళలో పప్పు ఏరుతుంది” అని ఏడిపించేవాడు.

ఈ పని ఆమెకి మా తాత దుకాణంలో అబ్బింది. ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. అప్పట్లో అద్దాలు చేత్తోనే అరగదీసేవారు. నీళ్ళలో కలిపిన రాపిడి పొడి వేసి, గాజును గుండ్రంగా తిప్పుతూ, ఎక్కడ ఎంత నొక్కాలో వేళ్ళతోనే తెలుసుకుంటూ చేసే పని అది. మా నాన్న పట్టుకున్న ప్రతి అద్దం పగిలేది. అత్తకి మాత్రం పదిహేనేళ్ళకే చేయి తిరిగింది. ఫ్యాక్టరీ అద్దాలు వచ్చి దుకాణం మూతపడ్డాక, గాజూ రాయీ అరగదీయడం తెలిసినవాళ్ళు కావాలన్న ప్రకటన చూసి ఆ ఆఫీసుకి వెళ్ళింది. అక్కడ ఒకాయన ఆమె చేతిలో ఒక రాతిముక్క పెట్టి, “దీన్ని ఎంత పల్చగా చేయగలవమ్మా?” అని అడిగాడట.

“మీకెంత పల్చగా కావాలి సార్?” అందట అత్త.

మర్నాడే పనిలో చేరింది.

వాళ్ళకి కావలసిన మందం వెంట్రుకలో సగమంత. కొండ మీంచి తెచ్చిన రాయిని ముందు చిన్న బిళ్ళగా కోయాలి. అంచుకి వజ్రపు పొడి అద్దిన చక్రం తిరుగుతూ ఉంటుంది, దాని మీద నీళ్ళు ధారగా పడుతూ ఉంటాయి. బిళ్ళని ఒకవైపు నున్నగా రుద్ది, గాజుముక్కకి అంటించి, రెండోవైపు కోసి, అక్కణ్ణించి చేత్తో అరగదీస్తూ పోవాలి. అలా తయారైనదాన్ని ఆఫీసులో ‘పలక’ అనేవారు. అంత పల్చనయ్యాక బండరాయిలోంచి కూడా వెలుతురు దూరుతుంది. మైక్రోస్కోపు కింద పెడితే ఆ రాయి ఏ ఖనిజాలతో తయారైందో, ఏ గింజ పక్కన ఏ గింజ ఎలా ఒదిగిందో కనిపిస్తుంది.

నా చిన్నప్పుడు ఒకసారి చూపించింది. ఇంకా పూర్తిగా అరగని పలక. అద్దంలోకి తొంగిచూస్తే గులాబీ, పసుపు, నీలం రంగు ముక్కలు. నేను ఎగిరి గంతేశాను. “ఇంకా మందంగా ఉందని అర్థం. స్ఫటికపు గింజలు ఈ రంగులన్నీ వదిలేసి బూడిదరంగుకి తిరగాలి. అప్పుడు పని అయినట్టు” అంది.

“ఇక్కడితో ఆపెయ్యత్తా, ఎంత బాగుందో!”

“బాగుండడానికైతే ఇక్కడే ఆపుదును. రాయి సంగతి తెలియాలి కదే.”

పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే “కుదరలేదు” అనేది. ఎవరికి కుదరలేదో చెప్పేది కాదు. మా మేడ మీద రెండు గదుల్లో ఉండేది. వేళ్ళ చివర గీతలు ఏనాడో అరిగిపోయాయి. ఆఫీసులో హాజరుకి వేలిముద్ర మిషను పెట్టినప్పుడు అది ఆమెను మనిషిగానే గుర్తించలేదు. హెడ్ క్లర్కు ఆమె వేళ్ళని తుడిచి, తడిపి, ఊది, చివరికి చేతులెత్తేశాడు. ఆఫీసు మొత్తంలో పుస్తకంలో సంతకం పెట్టింది ఆమె ఒక్కతే.

ఆమె చేరిన తొమ్మిదో ఏట ఒక కొండను చీల్చి రోడ్డు వేయాలనుకున్నారు. కొండ పైనుంచి కింది దాకా వరసగా ఇరవై నాలుగు రాళ్ళు తీసి, నంబర్లు వేసి అత్త గదికి పంపారు. అందులో పదిహేడు రాళ్ళకి పలకలు చక్కగా వచ్చాయి. ఏడు రాలేదు. చక్రం మీద పెట్టి నీళ్ళు వదిలారో లేదో, విచ్చుకుని, పొరలు పొరలుగా ఊడి, బురదై కాలవలోకి పోయాయి. అది కొత్తేమీ కాదు. ప్రతి మూటలోనూ ఒకటో రెండో అలా పాడయ్యేవి. రిజిస్టరులో ‘పలక’ అన్న గడిలో ‘వచ్చింది’ అనో ‘రాలేదు’ అనో రాయాలి. అత్త ఏడుసార్లు ‘రాలేదు’ అని రాసి, చేతులు కడుక్కుని, తర్వాతి మూట విప్పింది. అధికారి పదిహేడు పలకలూ చూశాడు. పదిహేడూ గట్టి ఇసుకరాయే. నివేదికలో అలాగే రాశాడు. రోడ్డు వేశారు.

నాలుగేళ్ళ తర్వాత, మూడు రోజులు ఎడతెరిపి లేకుండా వాన పడింది. నాలుగో రోజు పొద్దున అత్త మేడ దిగి వచ్చి పేపరు తిరగేస్తూ ఉండగా ఒక వార్త కనిపించింది. కొండచరియ జారి రోడ్డు మీద పడిందని, అటుగా వస్తున్న పాలవ్యాను చితికిపోయిందని, డ్రైవరుకి కుడికాలు తీసేశారని. ఎన్నో మైలురాయి దగ్గరో కూడా వేశారు. అత్త ఆ అంకె దగ్గర ఆగిపోయింది. అది ఆ ఇరవై నాలుగు రాళ్ళు వచ్చిన కొండే. అమ్మ పిలుస్తున్నా పలక్కుండా చెప్పులేసుకుని బయల్దేరింది.

ఆఫీసులో పాత రిజిస్టర్లు ఇనప బీరువాలో ఉండేవి. తీసి చూసింది. తొమ్మిది, రాలేదు. పది, రాలేదు. పదకొండు, పన్నెండు, పదమూడు, పద్నాలుగు, పదిహేను. తన చేతిరాతే. ఒకదాని కింద ఒకటి, మధ్యలో ఒక్క ‘వచ్చింది’ అయినా లేకుండా.

రాసిన రోజున ఆమెకి అవి ఏడు పాడైన రాళ్ళు. ఇప్పుడు చూస్తే ఏడు కావు, ఒకటే. రెండు గట్టి రాతిపొరల నడుమ కొండలో అడ్డంగా పోతున్న ఒక మెత్తటి పొర. నీళ్ళు తగిలితే ఉబ్బి జారిపోయే మట్టి. దాని మీద కొండ సగభాగం కూర్చుని ఉంది. గట్టిగా ఉన్నవే పలకలయ్యాయి, పలకలైనవే మైక్రోస్కోపు కిందికి వెళ్ళాయి, నివేదికలోకి వెళ్ళాయి. మెత్తటివి ఆమె చేతుల్లోంచి కాలవలోకి పోయాయి. ఆ కొండలో ఆ పొర ఉందని లోకంలో తెలిసింది ఆమె వేళ్ళకి మాత్రమే.

రిజిస్టరు పట్టుకుని పెద్ద సారు గదికి వెళ్ళింది. నివేదిక రాసిన అధికారి అప్పటికే బదిలీ మీద వెళ్ళిపోయాడు. పెద్ద సారు అంకెల మీద వేలు పెట్టి పైనుంచి కిందికి చూశాడు.

“నీ పని పలక చేయడం. రాకపోతే రాలేదని రాశావు. చదవాల్సింది మేము. నీ తప్పేం లేదు” అన్నాడు.

“మరి తప్పెవరిది సార్?”

“వాన ఎక్కువ పడిందని విచారణలో తేల్చారు.”

ఆ మాటతో ఆమె ఊరుకుని ఉంటే నేను ఇదంతా చెప్పనవసరం ఉండేది కాదు. పది రోజుల తర్వాత ఆదివారం నాడు ఆ డ్రైవరు ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. ముందు గదిలో మంచం, మంచం పక్కన కొత్త చంకకర్రలు, గోడకి వ్యాను తాళంచెవి ఇంకా వేలాడుతూనే ఉంది. అతని భార్య మంచినీళ్ళిచ్చి, ఎవరో పాల కంపెనీ తరఫు మనిషేమో అనుకుని ఆశగా నిలబడింది. అత్త తను ఎవరో చెప్పింది. ఆ కొండ రాళ్ళు తన చేతికి వచ్చాయని, ఏడు రాళ్ళు బురదైపోయాయని, ఎవరికీ చెప్పలేదని చెప్పింది.

డ్రైవరు అంతా విన్నాడు. కేకలు వేయలేదు.

“ఇప్పుడు ఇది నాకెందుకు చెప్పారు?” అన్నాడు.

అత్త చేతిలోని మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టింది.

“చెప్పేస్తే మీకు బరువు దిగుతుంది. ఇంటికెళ్ళి నిద్రపోతారు. నేనేం చేసుకోనమ్మా దీన్ని? వెళ్ళిరండి.”

ఆమె ఈ సంగతి నాకు చెప్పింది ఎన్నో ఏళ్ళ తర్వాత. చెప్పి, “అతను అన్నదాంట్లో ఒక్క ముక్క తప్పు లేదు” అంది. వాళ్ళింటి గడప దిగాక బస్సు కోసం నిలబడలేదట. రెండు కోసుల దూరం నడిచి ఇంటికి వచ్చిందట.

ఆ మరుసటి వారం నుంచి ఆమె పని మారింది. మెత్తటి రాయికి నీళ్ళు కాకుండా కిరసనాయిలు పోస్తూ కోయడం నేర్చుకుంది. కిరసనాయిలుకి ఆ మట్టి ఉబ్బదు. ముందుగా పల్చటి జిగురులో నానబెట్టి, వేడిచేసి, లోపలి సందులన్నీ గట్టిపడ్డాక కోస్తే చాలావరకు నిలుస్తుందనీ కనిపెట్టింది. సాయంత్రానికి ఒళ్ళంతా స్టవ్వు వాసనతో ఇంటికి వచ్చేది. అమ్మ ముక్కు మూసుకుని, “వదినా, నువ్వు అగ్గిపెట్టె దగ్గరికి రాకు” అనేది. ఎంత చేసినా నిలవని రాళ్ళ పొడినీ ముక్కల్నీ మందు సీసాల్లో పోసి, నంబరు చీటీ అంటించి దాచేది.

రిజిస్టరులో ఇంకో గడి కూడా గీసుకుంది. పెన్సిలుతో, స్కేలు పెట్టి, ‘చేతికి ఎలా ఉంది’ అని. అందులో ‘చక్కెరలా రాలింది’, ‘సబ్బుముక్కలా జారింది’, ‘నాలుక్కి అంటుకుంది’ అని రాసేది. హెడ్ క్లర్కుకి అది కంట్లో నలుసయింది.

“అచ్చేసిన రిజిస్టరులో ఇలాంటి గడి లేదు కదా రాళ్ళక్కా. ఇదేం ఆఫీసా, వంటల పుస్తకమా?”

“పెన్సిలే కదండీ. నచ్చకపోతే చెరిపేయండి.”

ఆయన చెరపలేదు. సంతకం మాత్రం ఆ గడికి తగలకుండా జాగ్రత్తగా పెట్టేవాడు. పదేళ్ళ పాటు ఆ గడిని ఎవరూ చదివిందీ లేదు.

చదివిన మొదటి మనిషి ఒక కొత్త అధికారిణి. చదువు పూర్తిచేసి నేరుగా ఉద్యోగంలోకి వచ్చిన అమ్మాయి. ఆఫీసులో ‘కొత్త మేడం’ అనేవాళ్ళు. ఒకరోజు రిజిస్టరు పట్టుకుని నవ్వుతూ అత్త గదిలోకి వచ్చింది.

“అక్కా, రాళ్ళు నాకి చూస్తారా మీరు?”

“ఒక్కోసారి చూస్తాను మేడం. బంకమట్టి ఉంటే నాలుక్కి పట్టుకుంటుంది. ఇసుకైతే పళ్ళ మధ్య గరగరమంటుంది.”

ఆ అమ్మాయి నవ్వు ఆపి స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ సాయంత్రం ఆఫీసు మూసే దాకా కూర్చుని, పదేళ్ళ పెన్సిలు రాతలూ చదివింది. ఎందుకు రాస్తున్నారని అడిగింది. అత్త పాలవ్యాను సంగతి చెప్పింది. పెద్ద సారు తర్వాత ఆ మాట ఆఫీసులో రెండో మనిషికి చెప్పడం అదే.

ఆమె ఉద్యోగంలో ఇరవై నాలుగో ఏట మా పేటకి మంచినీళ్ళ ట్యాంకు కట్టాలన్న మాట వచ్చింది. మా ఇళ్ళ వెనక కొండ ఉంది. కొండ వాలు మీద కడితే నీళ్ళు పంపు అక్కర్లేకుండా వాటంతట అవే పేట అంతటికీ దిగుతాయని లెక్క. కొండలో మూడు చోట్ల గొట్టం దింపి ముప్ఫై రాళ్ళు తీసి పంపారు. ఇరవై ఏడు మంచి సున్నపురాయి, పలకల నిండా పిసరంత గవ్వలు. పద్దెనిమిదీ పంతొమ్మిదీ ఇరవై నంబర్లు మాత్రం కిరసనాయిలుకి కూడా లొంగలేదు. అత్త పెన్సిలు తీసి రాసింది. ‘మూడూ ఒకటే మట్టి. నీళ్ళ చుక్క పడగానే పెసరగింజంత ముక్క శనగగింజంత అయింది.’ రాసి ఊరుకోలేదు. రిజిస్టరు, మూడు సీసాలు పట్టుకుని కొత్త మేడం దగ్గరికి వెళ్ళింది.

మేడం ఆమెను మీటింగుకి తీసుకువెళ్ళింది. అంత పొడవు బల్ల దగ్గర కూర్చోవడం అత్తకి అదే మొదలు. ట్యాంకు కట్టే ఇంజనీరు కాగితాలు సర్దుకుంటూ, “ముప్ఫైలో ఇరవై ఏడు బాగున్నాయి. మూడు ముక్కల కోసం పని ఆపుతారా?” అన్నాడు.

అత్త లేచి, తాగడానికి పెట్టిన రెండు గాజు గ్లాసులు ముందుకు లాగింది. ఒకదాంట్లో సున్నపురాయి ముక్క వేసింది. ఇంకోదాంట్లో పంతొమ్మిదో నంబరు ముక్క వేసింది. సున్నపురాయి అడుగున కూర్చుంది. రెండో ముక్కలోంచి సన్నటి బుడగలు పైకి లేచాయి. అంచులు విచ్చుకున్నాయి. అందరి ముందూ ఉన్న టీ చల్లారేలోపు ఆ ముక్క ఉబ్బి, చితికి, గ్లాసు అడుగున ముద్దై కూర్చుంది. గ్లాసు వంచితే ముద్ద జారింది.

“బాగానే ఉందమ్మా. కానీ కొండని ఎవరూ గ్లాసులో ముంచరు కదా” అన్నాడు ఇంజనీరు.

“వాన ముంచుతుంది సార్. మీ ట్యాంకుకి చిన్న చిల్లు పడ్డా చాలు” అంది అత్త.

ఆ పొర ఎటు వాలి ఉందో చూశాకే మిగతాదని తేల్చారు. వారంలో కొండ వాలు మీద లోతైన కందకం తవ్వించారు. మేడం అత్తని కూడా జీపెక్కించింది. ఇరవై నాలుగేళ్ళుగా కొండలన్నీ మూటల్లో ఆమె దగ్గరికి వచ్చేవి. పని మీద ఆమె ఒక్క కొండ దగ్గరికీ వెళ్ళలేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, నిచ్చెన మీద వెనక్కి తిరిగి జాగ్రత్తగా దిగింది.

కందకం గోడలో పైనా కిందా తెల్లటి సున్నపురాయి. మధ్యలో జానెడు మందాన, బూడిదరంగు కలిసిన ఆకుపచ్చలో ఆ పొర. సరిగ్గా మా ఇళ్ళ వైపుకే వాలి ఉంది. అత్త బొటనవేలు పెట్టి నొక్కింది. వేలు గోరు దాకా దిగింది.

“ఇది ఒకప్పుడు అగ్నిపర్వతం బూడిద అక్కా” అంది మేడం. “ఇక్కడంతా సముద్రం ఉండేది. ఎక్కడో పర్వతం పేలి, గాలికి వచ్చిన బూడిద నీళ్ళలో పడి అడుక్కి చేరింది. కాలం గడిచేకొద్దీ ఇలా మట్టిగా మారింది.” పొర కింద అంటుకున్న రాతిని చిన్న సుత్తితో ఊడగొట్టి చూపించింది. దాని మీద గుల్లలు, వరసలు వరసలుగా, ఒకదాని పక్కన ఒకటి రాయైపోయి ఉన్నాయి. “చూడండి, అన్నీ మూసుకునే ఉన్నాయి. మామూలుగా అయితే గుల్ల చచ్చాక చిప్పలు రెండూ దేనికది విడిపోయి చెదిరిపోతాయి. వీటికి ఆ టైం దొరకలేదు. మీద పడి కప్పేసింది.”

“ఎంతకాలం అయ్యుంటుంది మేడం?”

“ఏడెనిమిది కోట్ల ఏళ్ళు.”

అత్త ఒక గుల్ల మీద వేలు వేసి, గీతల్లేని ఆ వేలితో దాని గీతలు తడుముతూ ఉండిపోయింది. పైనుంచి జీపు డ్రైవరు హారన్ కొట్టాడు. మేడం రమ్మంది.

“ఇంత పల్చటిది వీటన్నిటినీ చంపింది” అంది, అంతే.

ట్యాంకు స్థలం మార్చారు. కొండకి అవతలి వైపు, పొర బయటికి కాకుండా కొండ లోపలికి వాలి ఉన్న చోట కట్టారు. దాంతో పొడుగు గొట్టాలు, పంపు, కొత్త కాగితాలు. మా పేటకి నీళ్ళు రావడం రెండేళ్ళు ఆలస్యమైంది. ఆ రెండేళ్ళూ ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టుకుని నిలబడ్డాం. ఎందుకు ఆలస్యమైందో ఎలాగో వీధంతా పాకింది. అత్త వరసలోకి రాగానే ఎవరో ఒకరు అందుకునేవాళ్ళు. ఎదురింటి మాస్టారు రోజూ కొండ వైపు చూసి, “ఏమ్మా, మీ కొండ ఇంకా కూలలేదా?” అనేవాడు. అత్త కూడా అటు చూసి, “ఇంకా లేదండి” అనేది.

ఒకరోజు అమ్మకి ఓపిక నశించింది. రెండు బిందెలూ గడప మీద దబ్బున దించి, “నీ నోరు కాస్త కట్టేసుకుని ఉంటే ఈపాటికి వంటింట్లో కుళాయి ఉండేది కదా వదినా” అంది. అత్త ఒక బిందె చంకనెత్తుకుని లోపలికి పోయింది. ఆ మర్నాటి నుంచి మా వాటా నీళ్ళు కూడా తనే మోసింది. అమ్మ రెండు రోజులు చూసి, మూడో రోజు సిగ్గుపడి బిందె లాక్కుంది.

నీళ్ళు వచ్చిన రోజు వీధిలో అందరూ కుళాయిలు తిప్పి చూసుకుంటుంటే అత్త ఆఫీసుకి వెళ్ళిపోయింది. మరో అయిదేళ్ళు పనిచేసింది. తన తర్వాత చేరిన ఆమెకి కిరసనాయిలు కోత నేర్పి, రిటైరయింది. కొత్త మేడం ఇప్పుడు అక్కడ పెద్ద మేడం. అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి వెళుతుంది.

మొదట అనుకున్న స్థలం ఇప్పటికీ ఖాళీగానే ఉంది. గడ్డి మొలిచింది. ఈ మధ్య ఒక సాయంత్రం నేనూ అత్తా మేడ మీద కూర్చుని అటు చూస్తుంటే, ఎన్నాళ్ళ నుంచో అడగాలనుకున్నది అడిగేశాను.

“అత్తా, ట్యాంకు అక్కడే కట్టి ఉంటే నిజంగా జారేదంటావా?”

“ఏమో. జారకపోయేదేమో కూడా.”

“మరి ఇన్ని మాటలు పడ్డావు కదా. నీదే కరెక్టో కాదో ఎప్పటికీ తెలియదు. బాధనిపించలేదా?”



“తెలియకపోతేనేం? కింద ఇళ్ళున్నాయి కదే” అంది.